వంద గడపలు తొక్కి ఊరి మాట తెలుసుకోవడం ఎలా

పోయిన నెల మా అమ్మాయి కాలేజీ స్నేహితులు ముగ్గురు మా ఇంటికి వచ్చారు. గ్రామసభ లోపు తమ ఊళ్లో జనం ప్రభుత్వం గురించి, ధరల గురించి, పోలీస్ స్టేషన్, బ్యాంకు, ఆసుపత్రి గురించి ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని వాళ్ల ఆలోచన. అప్పటికే గూగుల్ ఫారం తయారు చేసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. 64 మంది జవాబిచ్చారు. అందులో ఆడవాళ్లు ఐదుగురు. అరవై దాటిన మనిషి ఒక్కరూ లేరు. కూలికి వెళ్లేవాళ్లు ఎంతమంది ఉన్నారని అడిగితే ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.

నేను 18 ఏళ్లు ప్రకాశం, గుంటూరు, ఖమ్మం, నల్లగొండ జిల్లాల్లో సర్వే ఫారాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఆ సాయంత్రం ఆ పిల్లలకు చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. ఇద్దరు ముగ్గురు కలిసి, పది పన్నెండు రోజులు ఓపిక పడితే ఎవరైనా చేయగలిగిన పని ఇది.

ఎవరిని అడగాలి

రచ్చబండ దగ్గరా టీ కొట్టు దగ్గరా కూర్చున్నవాళ్లను అడగొద్దు. వాళ్లు చెప్పేది అబద్ధమని కాదు. పగటిపూట అక్కడ కూర్చోగలిగిన తీరిక ఉన్న మగవాళ్ల మాట మాత్రమే మీకు దొరుకుతుంది.

ఓటర్ల జాబితా తీసుకోండి. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో పోలింగ్ కేంద్రం వారీగా పీడీఎఫ్ ఉంటుంది. పేరు, వయసు, ఇంటి నంబరు అన్నీ అందులో ఉంటాయి. మీ బూత్‌లో 1,140 మంది ఉన్నారనుకుందాం. మీకు వంద మంది జవాబులు కావాలి. కానీ జాబితాలో కొందరు చనిపోయి ఉంటారు, కొందరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు, కొందరు మాట్లాడమంటారు. అందుకే 140 పేర్ల దాకా తీయాలి. 1,140ని 140తో భాగిస్తే ఎనిమిది వస్తుంది. ఒకటి నుంచి ఎనిమిది దాకా చీటీలు రాసి ఒకటి తీయండి. ఐదు వచ్చిందనుకోండి. 5, 13, 21, 29... అలా ప్రతి ఎనిమిదో పేరు. జాబితా చివరికి వచ్చేసరికి 142 పేర్లు ఉంటాయి. ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థకు చెందిన లోక్‌నీతి వాళ్లు దేశమంతా చేసే ఎన్నికల అధ్యయనాలకు కూడా ఓటర్ల జాబితా నుంచే, ఇలా అంతరం పెట్టి పేర్లు తీస్తారు.

ఇక్కడ ఒక్క నియమం గట్టిగా పట్టుకోవాలి. తీసిన పేరు ఇంట్లో లేకపోతే పక్కింటి వాళ్లను అడిగి ఫారం నింపేయకూడదు. మూడుసార్లు వెళ్లాలి. ఎప్పుడు వెళ్లినా ఇంట్లో దొరికే మనిషి బతుకు వేరు, పొద్దున్నే పోయి చీకటి పడ్డాక వచ్చే మనిషి బతుకు వేరు. మిర్చి కోతల రోజుల్లో నేను రాత్రి ఎనిమిదింటికి, అన్నాలు తినేసి అరుగు మీద కూర్చునే వేళ వెళ్లేదాన్ని. ఎండాకాలం ఉపాధి పనికి వెళ్లేవాళ్లు తెల్లారకముందే పోయి ఎండ ముదిరేలోపు వచ్చేస్తారు. మధ్యాహ్నం రెండింటికి నిద్రలో ఉంటారు, లేపకండి. నాలుగింటికి వెళ్లండి.

జాబితాలో ఊరి మధ్య వీధులూ ఉంటాయి, ఊరి చివర కాలనీ కూడా ఉంటుంది. కాలనీ పేర్లు మీ 142లో సరిగా వచ్చాయో లేదో చూసుకోండి. వచ్చాక వాటిని చివరికి నెట్టకండి. నాతో పనిచేసినవాళ్లు చాలామంది కాలనీని ఆఖరి రోజుకు ఉంచి, అలసిపోయి, సగం ఫారాలతో ముగించేవాళ్లు. నేను మొదటి రోజు అక్కడి నుంచే మొదలుపెట్టేదాన్ని.

గడప దగ్గర

పసుపు చీర కట్టుకోవద్దు. నీలం ఫైలు పట్టుకోవద్దు. గులాబీ, కాషాయం, ఎరుపు, మూడు రంగుల కలనేత, ఏదీ వద్దు. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ, మన ఊళ్లలో తలుపు తీసిన మనిషి మొదట చూసేది రంగే. ఎవరి తరఫున వచ్చారో అప్పుడే తేల్చేసుకుంటారు. నేను బూడిద రంగు సంచి ఒకటి కుట్టించుకుని అన్నేళ్లూ అదే వాడాను.

సర్పంచ్‌నో వార్డు నాయకుడినో వెంట తీసుకెళ్లకండి. మొదటి ఏడాది నాకు ఈ సంగతి తెలియదు. ప్రకాశం జిల్లాలో ఒక ఊళ్లో ఒక నాయకుడు ‘నేను చూపిస్తానమ్మా’ అని వెంట వచ్చాడు. మంచి మనిషే, మంచినీళ్లు కూడా ఇప్పించాడు. తొమ్మిది ఇళ్లు తిరిగితే తొమ్మిది ఇళ్లలోనూ అంతా బాగుందన్నారు. మర్నాడు ఒంటరిగా వెళ్లి అందులో ఒకామెను మళ్లీ పలకరించాను. నన్ను పెరట్లోకి తీసుకెళ్లి కుళాయి తిప్పి చూపించింది. ఎనిమిది నెలలుగా చుక్క రాలేదు. ఆ తొమ్మిది ఫారాలూ నేనే చించేసి సూపర్‌వైజర్‌కు చెప్పాను. ఫారానికి ఇంత అని కూలి ఇచ్చేవాళ్లు కాబట్టి ఆ రోజు డబ్బు పోయింది.

‘సర్వే’ అనే మాటను వీలైనంత వరకు వాడకండి. 2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒకే రోజు సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ఆ రోజు ఇంట్లో లేకపోతే పథకాలు పోతాయేమోనని జనం ఎక్కడెక్కడి నుంచో బస్సులెక్కి ఊళ్లకు చేరారు. 2024 నవంబరులో కులగణన కోసం మళ్లీ ఇల్లిల్లూ తిరిగారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టు నుంచి యాభై ఇళ్లకో వాలంటీరు వచ్చి వివరాలు రాసుకున్నాక, కాగితమో ఫోనో పట్టుకుని గడపలోకి వచ్చిన ప్రతి మనిషీ గవర్నమెంటు మనిషే. నల్లగొండ వైపు ఒక ముసలమ్మ నన్ను అడిగిన మొదటి మాట ‘దీంతోటి ఏమొస్తది బిడ్డా?’ రెండోది ‘పింఛన్ పోదుగదా?’

ఈ భయం పోగొట్టకుండా ప్రశ్న అడిగితే ఆ జవాబు దేనికీ పనికిరాదు. నేను ఇలా చెప్పేదాన్ని: ‘నేను గవర్నమెంటు మనిషిని కాదు, ఏ పార్టీ మనిషినీ కాదు. దీనివల్ల మీకు ఏదీ రాదు, ఏదీ పోదు. మీ పేరు ఎవరికీ చెప్పను. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, వెళ్లిపోతాను.’ రెండుసార్లు చెప్పాలి. మొదటిసారి వినిపించదు, ఎందుకంటే వాళ్లు ఇంకా మీ సంచి చూస్తూ ఉంటారు.

ఆడవాళ్ల పేరు వచ్చినప్పుడు ఇంకో కష్టం ఉంది. ‘నాకేం తెలుసమ్మా, మా ఆయన్ని అడుగు’ అంటారు. అక్కడ లొంగిపోకండి. ‘బాబాయ్ మాట బాబాయ్‌దే పిన్నీ. చీటీ తీస్తే మీ పేరు వచ్చింది, మీ మాటే కావాలి’ అనండి. జాబితాలో పేరు చూపించండి. అచ్చులో తన పేరు చూసుకున్నాక చాలామంది కూర్చుంటారు. ఇద్దరు వెళ్లి ఉంటే ఒకరు వాకిట్లో ఆయనతో పంట గురించి మాట్లాడుతుండండి, ఇంకొకరు వంటింటి వైపు వెళ్లండి. ఆమె చేతిలో పని ఉంటే ఆపించకండి. చిక్కుళ్లు వలుస్తూ చెప్పే మాట, కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే రాదు.

ప్రశ్న కట్టడం

‘ప్రభుత్వం ఎలా ఉంది?’ అన్న ఒక్క ప్రశ్నతో ఊరి మనసు తెలుస్తుందని అనుకోకండి. ఖమ్మం జిల్లాలో ఒక పెద్దామె ‘సర్కారు మంచిగనే ఉంది’ అంది. ‘చాలా బాగుంది’ దగ్గర టిక్కు పెట్టాను. ఫారం అయిపోయాక, చాయ్ తాగుతూ, భూమి పాసుపుస్తకం కోసం పద్నాలుగు నెలలుగా తిరుగుతున్నానని చెప్పి కళ్లు తుడుచుకుంది. మరి సర్కారు మంచిగుందన్నావు కదమ్మా అంటే, ‘అది సర్కారు కాదు బిడ్డా, ఆఫీసోళ్లు’ అంది. ఆమెకు సర్కారు అంటే నెలనెలా చేతికొచ్చే పింఛను. నా టిక్కు తప్పు కాదు, ఆమె మాటా తప్పు కాదు, నా ప్రశ్నే సరిగా లేదు.

అప్పటినుంచి విడదీసి అడగడం నేర్చుకున్నాను. మొత్తం మీద పాలన ఎలా ఉందని ముందు ఒక్కసారి అడగండి. తర్వాత రేషన్, పింఛను, తాగునీరు, రోడ్డు, కరెంటు, భూమి కాగితాలు, బడి, ఆసుపత్రి, ఒక్కోటి విడిగా. వరస ముఖ్యం. కష్టాలన్నీ తవ్వించి చివర్లో ‘మొత్తం మీద ఎలా ఉంది’ అంటే అప్పటికే మనసు చేదెక్కి ఉంటుంది. ‘రోడ్లూ నీళ్లూ ఎలా ఉన్నాయి’ అని రెండూ కలిపి అడిగితే రోడ్డు బాగుండి నీళ్లు రాని మనిషి ఏం చెప్పాలి?

రాసుకున్న ప్రశ్నలన్నీ మళ్లీ చదివి ‘కదా’ ఎక్కడ కనిపిస్తే అక్కడ కొట్టేయండి. ‘ధరలు మండిపోతున్నాయి కదా?’ అంటే కాదనే తెలుగువాడు ఉండడు. మర్యాద కోసమైనా ఔనంటాడు. పేర్ల విషయంలోనూ జాగ్రత్త. ‘ఉచితాలు ఆపేయాలా?’ అని అడిగినప్పుడు ఆపేయాలన్న మనిషే, ‘ముసలివాళ్ల పింఛను ఆపేయాలా?’ అంటే అయ్యో వద్దంటాడు. ఉచితాలు, పథకాలు, సాయం అనే మూడు మాటలూ మూడు జవాబులు తెస్తాయి. అందుకే ఆ పథకాన్ని ఊళ్లో ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరే వాడండి.

జవాబులు చదివి వినిపించేటప్పుడు సగం ఫారాల్లో ‘చాలా బాగుంది’ నుంచి, మిగతా సగంలో ‘అసలు బాగా లేదు’ నుంచి మొదలుపెట్టండి. విసిగి ఉన్న మనిషి చివర విన్నదే పట్టుకుంటాడు. ‘చెప్పలేను’ అన్న గడి తప్పకుండా ఉంచండి, దాన్ని లెక్కలోంచి తీసేయకండి. ఒక వీధిలో పదిమందికి ఆరుగురు పోలీసుల గురించి ‘చెప్పలేను’ అంటే, ఆ ఆరు టిక్కులే మీకు దొరికిన పెద్ద వార్త కావచ్చు.

ధరలూ చేతిలో డబ్బూ

‘ఆర్థిక పరిస్థితి’ అనే మాట నోట్లోంచి రానివ్వకండి. రిజర్వ్ బ్యాంకు రెండు నెలలకోసారి నగరాల్లో వినియోగదారుల విశ్వాస సర్వే చేస్తుంది, అందులో హైదరాబాద్ కూడా ఉంది. వాళ్ల పద్ధతి మన ఊరికి బాగా పనికొస్తుంది. ఏడాది క్రితంతో పోలిస్తే మొత్తం పరిస్థితి, ఉపాధి మెరుగయ్యాయా, అలాగే ఉన్నాయా, దిగజారాయా అని, ధరలు, ఆదాయం, ఖర్చు పెరిగాయా, అలాగే ఉన్నాయా, తగ్గాయా అని ఒక్కోటీ విడిగా అడుగుతారు. వచ్చే ఏడాదికి ఎలా ఉంటుందనీ అడుగుతారు. మనం చేయాల్సిన మార్పల్లా ‘ఏడాది క్రితం’ బదులు ‘పోయిన సంక్రాంతి’ అనడం. పోయిన సంక్రాంతికి ఇంట్లో ఎన్ని కిలోల నూనె కొన్నారో, పిల్లలకు బట్టలు కొన్నారో లేదో జనానికి గుర్తుంటుంది.

లెక్క కూడా తేలికే. మెరుగైందన్నవాళ్ల శాతంలోంచి దిగజారిందన్నవాళ్ల శాతం తీసేసి, వచ్చినదాన్ని వందకు కలపాలి (ధరలు పెరిగాయంటే దిగజారినట్టే లెక్క). 22 మంది మెరుగన్నారు, 48 మంది దిగజారిందన్నారు, 30 మంది అలాగే ఉందన్నారు అనుకోండి. 22 నుంచి 48 తీస్తే మైనస్ 26. వందకు కలిపితే 74. వంద దాటితే ఊరు తేరుకుంటున్నట్టు, తగ్గితే దిగులుగా ఉన్నట్టు. రిజర్వ్ బ్యాంకు లెక్కల్లో ఐదు విషయాలకూ సగటు తీసిన ఈ అంకె కరోనా రెండో అల నడుస్తున్న 2021 మే నెలలో 48.5కు పడిపోయింది, అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. అదే నెల వచ్చే ఏడాది గురించి అడిగిన అంకె మాత్రం 96.4. అంత కష్టంలోనూ జనం రేపటి మీద ఆశ పూర్తిగా వదులుకోలేదు. అందుకే రెండు ప్రశ్నలూ అడగమంటున్నాను. ఒక్కటే అడిగితే సగం మనిషే కనిపిస్తాడు.

ఏ వారంలో అడిగారో ఫారం మీద తప్పక రాయండి. మా వైపు రైతును డబ్బు గురించి అడిగితే ఆ వారం గుంటూరు యార్డులో మిర్చి ధర ఎలా ఉందో అదే చెబుతాడు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, కేంద్రం ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. ఆ రోజుల్లో మిర్చి ఊళ్లో తిరిగి తెచ్చిన జవాబులనూ, మంచి ధర ఉన్న ఏడాది జవాబులనూ పక్కపక్కన పెట్టి ప్రభుత్వాల గురించి తీర్పు చెప్పకూడదు.

ఎవరిని తోడు తీసుకెళ్లారు

సంస్థల మీద నమ్మకం అడగడం అన్నిటికంటే కష్టం. లోక్‌నీతి లాంటి అధ్యయనాల్లో సాధారణంగా సైన్యం, న్యాయస్థానాలు పైన ఉంటాయి, రాజకీయ పార్టీలు, పోలీసులు అడుగున ఉంటారు. నా ఫారాల్లోనూ అదే వచ్చేది. కానీ సైన్యం బాగుందన్న మనిషి జీవితంలో ఒక్క సైనికుడితోనైనా పని పడి ఉండదు. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం లాంటి, ఇంటింటికీ జవాన్లున్న ఊళ్లు వేరే సంగతి. పోలీసులు, తహసీల్దారు ఆఫీసు, బ్యాంకు, ఇవి రోజూ తగిలేవి. తగిలినదాని మీదే ఫిర్యాదు ఉంటుంది.

అందుకే నేను ‘నమ్మకం ఉందా’ అని అడిగాక ఇంకో ప్రశ్న చేర్చుకున్నాను. ఏ పుస్తకంలోనూ చూసింది కాదు, తిరిగి తిరిగి దొరికింది. ‘గత ఏడాదిలో అక్కడికి వెళ్లారా? వెళ్తే ఒంటరిగా వెళ్లారా, ఎవరినైనా తోడు తీసుకెళ్లారా?’ పోస్టాఫీసుకు ముసలమ్మ కూడా ఒంటరిగానే వెళ్తుంది. బ్యాంకుకు చదువుకున్న మనవడితో వెళ్తుంది. తహసీల్దారు ఆఫీసుకు తెలిసిన నాయకుడో మధ్యవర్తో ఉండాలి. పోలీస్ స్టేషన్‌కు అయితే నలుగురు పెద్దమనుషులు. ‘నమ్మకం ఉంది’ అని టిక్కు పెట్టించిన మనిషే ‘ఒంటరిగా ఎలా వెళ్తామమ్మా’ అంటాడు. మీ ఊళ్లో ఒక్క ప్రశ్నకే టైం ఉంటే ఇదే అడగండి. ఏ ఆఫీసుకు ఎంతమంది ఒంటరిగా వెళ్లగలుగుతున్నారో గ్రామసభలో చదివి వినిపించండి. ఏ అధికారీ కొట్టిపారేయలేడు, ఎందుకంటే అది అభిప్రాయం కాదు, జరిగిన సంగతి.

నోటితో చెప్పడానికి భయపడే ప్రశ్నలు రెండు మూడు ఉంటాయి. వాటిని చిన్న కాగితం మీద బొమ్మల పక్కన గళ్లతో అచ్చు వేయించండి. మూతకు గాటు పెట్టిన డబ్బా ఒకటి తీసుకెళ్లండి. వాళ్లే గుర్తు పెట్టి, మడిచి, అందులో వేస్తారు. ఓటు ఎవరికన్న ప్రశ్నకు లోక్‌నీతి వాళ్లు ఇలాంటి ఉత్తుత్తి బ్యాలెట్టే వాడతారు. ఆ కాసేపు మీరు అటు తిరిగి కూర్చోవాలి.

లెక్క చెప్పేటప్పుడు

వంద మందిని అడిగితే జవాబు పది శాతం అటో ఇటో ఉండొచ్చు. నాలుగు వందల మందిని అడిగితే ఐదు శాతం. కాబట్టి వందలో 54 మంది బాగుందంటే ‘ఊళ్లో ఎక్కువమంది మెచ్చుకుంటున్నారు’ అనకండి. ‘సగం సగంగా ఉన్నారు’ అనండి. 78 మంది అంటే అప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు.

సగటు చూసి ఆగిపోకండి. నల్లగొండలో ఒక ఊళ్లో నీళ్లు బాగానే వస్తున్నాయని అడిగినవాళ్లలో నూటికి ఎనభై మంది చెప్పారు. బాగా లేదన్న ఇరవై మంది ఫారాలు తీసి చూస్తే దాదాపు అందరూ ఒకే కాలనీ వాళ్లు. పైపు అక్కడిదాకా వెళ్లలేదు. ఎనభై శాతమని రాసి ముగించి ఉంటే ఆ కాలనీ కాగితం మీద మాయమైపోయేది. ఆడ మగ, వీధి వీధి, విడివిడిగా లెక్కపెట్టండి.

జనాభిప్రాయాన్ని ఎన్నికల ఫలితంతో కలిపేయకండి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 175లో 11 సీట్లే వచ్చాయి, కానీ ఓటేసిన ప్రతి వంద మందిలో సుమారు 39 మంది దానికే వేశారు. 2019లో తెలుగుదేశానికీ దాదాపు అంతే శాతం, సీట్లు 23. సీట్లు చూసి ‘జనమంతా ఒక్కటే అనుకుంటున్నారు’ అన్నవాళ్లు రెండుసార్లూ నూటికి నలభై మందిని మర్చిపోయారు.

టీవీలో వచ్చే సర్వేల గురించి ఆ పిల్లలు అడిగారు. 2024 జూన్ 1 సాయంత్రం చాలా చానళ్లు ఎన్డీయేకు 350 దాటతాయన్నాయి, జూన్ 4న వచ్చినవి 293. ఏ సర్వే చూసినా ఎంతమందిని, ఎప్పుడు, ఎలా అడిగారు, డబ్బు ఎవరు పెట్టారు అన్నది వెతకండి. చెప్పకపోతే పక్కన పెట్టండి. ‘అవునైతే ఒకటి నొక్కండి’ అని వచ్చే ఫోన్లు ఆ ఇంట్లో ఫోను ఎవరి జేబులో ఉంటే వాళ్ల మాటే తెస్తాయి.

కూర్చున్న చోటే ఫారాలు నింపేసే పని మీలో ఎవరూ చేయకూడదు. నేను పనిచేసిన ఒక సర్వే ఏజెన్సీలో చింతచెట్టు కింద పదేసి ఫారాలు నింపడం కళ్లారా చూశాను, అడిగితే నన్నే తీసేశారు. పట్టుకోవడం కష్టమేమీ కాదు. ప్రతి పది ఫారాలకు ఒక ఇంటికి ఇంకొకరు వెళ్లి రెండు ప్రశ్నలు మళ్లీ అడిగితే చాలు.

పేర్ల కాగితం వేరు, జవాబుల కాగితం వేరుగా ఉంచండి, రెండిటినీ కలిపేది ఒక నంబరు మాత్రమే. లెక్క అయిపోయే లోపు ఎవరో ఒకరు మీ ఇంటికి వస్తారు. ‘ఎవరెవరు ఏమన్నారో చూపించు, ఊరి మంచికే’ అంటారు. మీ మావయ్యే కావచ్చు. చూపించకండి.

అంకెలు తేలాక, గ్రామసభ కంటే ముందు, అడిగిన ఇళ్లకు మళ్లీ వెళ్లి చెప్పండి. నేను పనిచేసిన 18 ఏళ్లలో ఆ అవకాశం ఎప్పుడూ రాలేదు. ఫారాలు ఢిల్లీకో హైదరాబాద్‌కో పోయేవి. ‘మిగతావాళ్లు ఏమన్నారమ్మా? నాలాగే అన్నారా?’ అని ఎంతమంది అడిగారో. జవాబు లేక సంచి సర్దుకుని లేచేదాన్ని. మీ దగ్గర ఆ జవాబు ఉంటుంది. ఆఖరి ఇంట్లో చెప్పి వచ్చాక, ఆ సాయంత్రమే పేర్ల కాగితాన్ని పొయ్యిలో పెట్టేయండి.